మొదటి రీలు చివర

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. పాత తెలుగు వైజ్ఞానిక చిత్రాల్లో ఏది గొప్పదో తేల్చమని సినిమా భాండాగారం వాళ్ళు ఒక జాబితాను పండితుల చేతికిచ్చారు, అదే జాబితాను జనం ముందూ పెట్టారు. పండితులు నెత్తిన పెట్టుకున్న ‘అణుగర్భం’ జనం చేతిలో బాగా కిందికి జారిపోయింది. జనం వెర్రెత్తిపోయిన ‘శుక్రగ్రహంలో సుబ్బలక్ష్మి’ పేరెత్తితేనే పండితులు ముక్కు మూసుకున్నారు. ఇంతవరకూ ఎవరూ ఆశ్చర్యపోలేదు. వచ్చిన చిక్కల్లా ‘ఎల్లుండి వచ్చినవాడు’ దగ్గర వచ్చింది. పండితుల వరసలో అది ఆఖరు. రాష్ట్రమంతా కలిపి చూస్తే జనం వరసలోనూ ఆఖరే. ఒక్క ఉప్పులంకలోనూ, దాని చుట్టూ ఉన్న పాలేల్లోనూ మాత్రం ఓటేసినవాళ్ళంతా దాన్నే మొదట పెట్టారు.

భాండాగారంలో ఆ పాత రీళ్ళు పులిసిపోతున్నాయి. డబ్బా మూత తీస్తే గుప్పున పుల్లటి వాసన కొడుతుంది. అన్నింటినీ బాగుచేసే స్తోమత లేదు గనక ముందు దేన్ని దక్కించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో ఈ వరసలే చెప్పాలి. ఆఖర్న ఉన్నదానికి నూకలు చెల్లినట్టే. ఉప్పులంక వాళ్ళకు ఆ సినిమాలో ఏం కనబడిందో కనిపెట్టే పని మాలతి నెత్తిన పడింది.

మాలతి విజయవాడలో జ్ఞాపకాల మీద పరిశోధన చేస్తుంది. ఆమె తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద నోరు తిరగని సంస్కృతం పేరొకటి ఉంది గానీ ల్యాబులో అందరూ తలపుతెర అనే అంటారు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తలకు పల్చటి టోపీ తొడిగి, ఫలానా సినిమా గుర్తుతెచ్చుకోమంటారు. ఆ తలపులో ఉన్న బొమ్మ పక్కగదిలో చిన్న తెర మీద మసకమసగ్గా కదులుతుంది. గట్టిపడిన పాత జ్ఞాపకం, తలుచుకున్నప్పుడు మెత్తబడుతుంది. ఓ గంటసేపు అలాగే ఉండి మళ్ళీ గట్టిపడుతుంది. యంత్రం చదివేది ఆ గంటలోనే. చదవడం అవగానే అసలు సినిమాలో ఆ తలపుకు తేడాగా ఉన్న రీళ్ళను ఆ మనిషికే చూపించి, ఎక్కడ తేడా వచ్చిందో అడగాలని పద్ధతి రాసింది కూడా మాలతే. తడి సిమెంటు మీద కాలు పెడితే అచ్చు పడుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంత చదువుకున్న మాలతికి ఆ పద్ధతి రాసేటప్పుడు మాత్రం అది తట్టలేదు.

మొదట పండితుల తరఫున చయనులుగారు కూర్చున్నారు. సినిమాల మీద లావుపాటి పుస్తకాలు రాసినాయన. ఆయన తలలో సినిమా అచ్చు గుద్దినట్టుంది. మొదటి రీల్లో ఓ ఇంటి తలుపు చప్పుడవుతుంది. ఆ ఇంటావిడ తలుపు తీస్తుంది. వెండిరంగు కోటు వేసుకున్న మనిషి గుమ్మంలో నిలబడి, తాను ఎల్లుండి నుంచి వచ్చానని చెబుతాడు. రెండు రోజుల ముందు సంగతులన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో, మంచీ చెడూ, మధ్యలో కథంతా అదే. చివరి రీల్లో “ఇక నేను పోతున్నాను” అని అతను చీకట్లోకి నడిచిపోతే ఆమె తలుపు వేసుకుంటుంది. సన్న మీసం, నున్నగా దువ్విన జుట్టు, హీరో ముఖం సహా అంతా ప్రింటులో ఉన్నట్టే ఉంది. ఇందులో బుర్రకు పదును పెట్టే సంగతేమీ లేదని చయనులుగారు లేస్తూ లేస్తూ తీర్పు చెప్పారు.

తరవాత ఉప్పులంక నుంచి నాంచారయ్య వచ్చాడు. పెద్దవాడు. ఉతికిన పంచె కట్టుకుని, సినిమాకి వచ్చినట్టే ఉత్సాహంగా వచ్చాడు. తెర మీద బొమ్మ కదిలేసరికి మాలతికి బుర్ర తిరిగింది. సినిమా తలుపు వేసుకోవడంతో మొదలైంది. తలుపు చప్పుడై, ఆవిడ పరిగెత్తివెళ్ళి తీసి, గుమ్మంలో ఉన్న మనిషిని చూడడంతో అయిపోయింది. అంతకన్నా వింత, ఆ మనిషి ముఖం హీరోది కాదు. మీసకట్టయినా సరిగా రాని ఒక కుర్రవాడిది. పై పెదవి మీద చిన్న గాటు ఉంది.

యంత్రం చెడిపోయిందనుకుని విప్పి చూశారు, బిగించారు, ఇంకొకరిని కూర్చోబెట్టారు. ఆవిడ తలలోనూ మొదటి రీలు చివరే ఉంది, ముఖం మాత్రం ఇంకెవరో బట్టతల మనిషిది. ఆ తరవాత కూర్చున్నామెకు హీరో స్థానంలో ఏకంగా ఆడపిల్ల కనిపించింది. పద్ధతి ప్రకారం అందరికీ అసలు రీళ్ళు చూపించారు. చూసి బయటికొచ్చినవాళ్ళు ఏదో పోగొట్టుకున్నట్టు అటూ ఇటూ చూసి, టీ తాగి, బస్సెక్కి వెళ్ళారు. జనానికి అభిరుచి లేదని తెలుసుగానీ జ్ఞాపకశక్తి కూడా లేదని ఇప్పుడే తెలిసిందని చయనులుగారన్నారు. మాలతికి కోపం వచ్చింది. ఉప్పులంక ఆమె అమ్మ పుట్టిమెట్టిన ఊరు.

తల్లి కోటేశ్వరమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. ఉప్పెన వచ్చిన ఏడు మాలతి ఇంకా కడుపులోనే ఉంది. గాలి ముదురుతుంటే దొడ్లో గేదెల్ని విప్పేసి వస్తానని తండ్రి వీరాస్వామి బయల్దేరాడు. వెళ్ళేటప్పుడు “పోతున్నా, తలుపేసుకో” అన్నాడు. వెళ్ళొస్తా అనలేదు. కోటేశ్వరమ్మ ఆ మాట జన్మలో మరిచిపోలేదు. గేదెలు దొరికాయి, ఆయన దొరకలేదు. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో కూడా నీళ్ళలో పోయింది. అందుకే ఆ ఇంట్లో గడప దాటే ఎవరైనా వెళ్తున్నానంటే కోటేశ్వరమ్మ ఊరుకోదు. వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, వెళ్ళొస్తానని చెప్పించి పంపుతుంది. మాలతి పరీక్షలకు ఆలస్యమైన రోజులున్నాయి గానీ ఆ మాట చెప్పకుండా కదిలిన రోజు లేదు.

చిన్నప్పుడు నిద్రపోయే ముందు అమ్మ చెప్పిన కథ కూడా ఆ సినిమాదే. ఆయన వెళ్ళాడు, ఆవిడ తలుపేసుకుంది, బోలెడన్ని వింతలు జరిగాయి, ఎల్లుండి తలుపు చప్పుడైంది. అక్కడ అమ్మ ఆగేది. “ఎవరొచ్చారు?” అని మాలతి అడగాలి. “ఇంకెవరొస్తారే, వెళ్ళినవాడే” అని అమ్మ చెప్పాలి. అప్పుడుగానీ నిద్ర వచ్చేది కాదు. పెద్దయ్యాక భాండాగారంలో అసలు ప్రింటు చూసినప్పుడు, అమ్మ కథ తలకిందులుగా చెప్పిందేమిటా అని నవ్వుకుంది కూడా.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అడిగింది. కోటేశ్వరమ్మ చేటలో ఎండురొయ్యలు పోసుకుని తలలు తుంచుతోంది. ఉప్పులంక వాళ్ళందరికీ కథ తిరగబడి గుర్తుందేమిటని మాలతి అంటే, గుర్తు తిరగబడలేదు, సినిమానే తిరగేశారని తాపీగా చెప్పింది. ఉప్పెన వెళ్ళిన కొన్నాళ్ళకు డేరా టాకీసు వచ్చిందట. తెర నీళ్ళలో నాని మరకలు పడింది. జనరేటరు ఆగుతూ ఆగుతూ ఆడేది. బొమ్మ కనిపించేది గానీ ముఖాలు అలికినట్టుండేవి.

“మొదటి రోజు సరిగ్గానే వేశాడు. ఆఖర్న వాడు పోతున్నానని పోయాడు, ఆవిడ తలుపేసుకుంది. ఇంక ఒక్క ఆడమనిషి లేస్తే ఒట్టు. డేరా అంతా అట్టాగే కూచున్నాం. టాకీసాయన బతిమాలాడు, లైట్లు తీసేస్తానన్నాడు. అప్పుడు నేనే అడిగా. వాడు పోయేది ముందెయ్యి నాయనా, వచ్చేది ఆఖర్న వెయ్యి, నీ సొమ్మేం పోయింది అని.”

“వేశాడా?”

“మర్నాటి నుంచి అట్టాగే వేశాడు. కోతలయ్యేదాకా ఆడింది. చుట్టుపక్కల పాలేలన్నీ బళ్ళు కట్టుకొచ్చాయి.”

అలా తిప్పేస్తే కథ అర్థమయ్యేదా అని మాలతి అడిగింది. కోటేశ్వరమ్మ చేతిలో రొయ్యను చేటలో పడేసి కూతుర్ని ఎగాదిగా చూసింది.

“అర్థమేంటే? వెళ్ళాడు, వచ్చాడు. వెళ్ళొచ్చాడు. అంతకంటే ఏం కావాలి?”

వరస సంగతి తేలింది. ముఖాల సంగతి తేలలేదు. మర్నాడు నాంచారయ్య కోడలు ఫోన్ చేసింది. మామయ్య ఊరొచ్చిన దగ్గర్నుంచీ సరిగా అన్నం తినడం లేదనీ, ఉప్పెనలో పోయిన పెద్దకొడుకు ముఖం గుర్తు రావడం లేదని కుమిలిపోతున్నాడనీ చెప్పింది. వయసు మీద పడింది కదమ్మా, మెల్లగా అదే వస్తుందిలే అని మాలతి సర్దిచెప్పింది. చెప్పి, ఆ మాట తానే నమ్మి, పనిలో పడిపోయింది.

సినిమాను రెండు రకాలుగానూ చూసిన మనిషి ఒకరున్నారని తెలిశాక చయనులుగారు ఊరుకోలేదు. అమ్మగారిని కూడా ఒకసారి కూర్చోబెట్టమన్నారు. కోటేశ్వరమ్మ అంతకంటే ముందే తయారు. ఊళ్ళో అందర్నీ కూర్చోబెట్టి కన్నతల్లిని కూర్చోబెట్టలేదని అప్పటికే దెప్పుతోంది. కొత్త చీర కట్టుకుని వచ్చి, టోపీ తొడుగుతుంటే కొప్పు చెదరకుండా చూడమని ల్యాబులో అమ్మాయికి రెండుసార్లు చెప్పింది.

మాలతి పక్కగదిలో తెర ముందు కూర్చుంది. మరకల తెర, ఊగుతున్న డేరా గుడ్డ, ముందు వరసలో ఆడవాళ్ళ తలలు కనిపించాయి. సినిమాలో ఆవిడ తలుపు వేసుకుంది. మధ్యలో కథంతా ముక్కలుముక్కలుగా పోయింది. తరవాత తలుపు చప్పుడు. ఆవిడ తీసింది. గుమ్మంలో వెండిరంగు కోటు, దాని మీద ఒక నల్లటి కోలముఖం. ఎడమ కనుబొమ మధ్యలో చీలిక ఉంది, అక్కడ వెంట్రుకలు లేవు.

ఆ చీలిక మాలతికీ ఉంది. పుట్టుకతో వచ్చింది. రోజూ పొద్దున్నే పెన్సిలు పెట్టి కప్పుకుంటుంది. ఎవరి పోలికే ఇది అని చిన్నప్పుడు అడిగితే అమ్మ జవాబు చెప్పేది కాదు, ఆ చోట వేలితో నిమిరి ఊరుకునేది.

ఆ మనిషి గుమ్మంలో అలా నిలబడే ఉన్నాడు. కోటేశ్వరమ్మ ఆ బొమ్మను వదలడం లేదు. మాలతి ఫోనెత్తి తెరను ఫోటో తీసింది. పుట్టి ఇన్నేళ్ళకు నాన్నను చూసింది. నాంచారయ్య చూసింది ఎవరినో, ఆ ఆడపిల్ల ఎవరో, బట్టతలాయన ఎవరో అప్పుడు ఆమెకు తెలిసింది. మసక తెర మీద ఎవరి మనిషిని వాళ్ళు రప్పించుకున్నారు. ఊరు ఊరంతా ఓటేసింది ఆ సినిమాకు కాదు.

తెర ఖాళీ అయింది. మాలతి ఫోను పట్టుకుని చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నీళ్ళతో కనుబొమను రుద్ది పెన్సిలు పోగొట్టింది. అద్దంలో ముఖాన్ని, ఫోనులో ముఖాన్ని పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ చూసుకుంది. ఎంతసేపున్నదీ ఆమెకు తెలియదు. బయటికి వచ్చేసరికి అమ్మ ఉన్న గదిలోంచి ఒక గొంతు వినబడింది.

“ఇక నేను పోతున్నాను.”

ప్రింటు ఆడుతోంది. చదవడం అయిన వెంటనే దానంతటదే మొదలయ్యే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు చేసింది తనే. ఆపాలన్న ఆలోచన మాత్రం అప్పటిదాకా రాలేదు. మాలతి పరిగెత్తి ఆపింది. అప్పటికే గోడ మీద ఆవిడ తలుపు వేసుకుంటోంది.

కోటేశ్వరమ్మ టోపీ తీయించుకుని కళ్ళు నులుముకుంది. “హీరో చక్కగా ఉన్నాడే. సన్న మీసం. ఇన్నాళ్ళూ వాడి ముఖమే సరిగా తెలీదు” అంది. మాలతి ఫోను ముందుకు చాపింది. కోటేశ్వరమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“ఎవరే ఈ అబ్బాయి?”

మాలతి ఫోను వెనక్కి తీసుకుంది. నాంచారయ్య కోడలు ఫోనులో అన్న మాటలు ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి. తడి సిమెంటు మీద కాలు పెట్టింది తనే. ఎందరి తలల్లోనో పెట్టింది, ఇప్పుడు అమ్మ తలలో పెట్టింది. ఉన్న ఒక్క ముఖాన్ని అమ్మ దగ్గర్నుంచి లాక్కుని తన ఫోనులో వేసుకుంది. ఇలాంటి కూతురు ఏ తల్లికీ ఉండకూడదని ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

గంట ఇంకా కాలేదు. జ్ఞాపకం ఇంకా మెత్తగానే ఉంటుంది. మాలతి కుర్చీ పక్కన కింద కూర్చుని, ఫోనును అమ్మ ఒళ్ళో పెట్టి, ఆ ముఖం కనబడేలా పట్టుకుని కథ మొదలుపెట్టింది. చిన్నప్పుడు విన్నది విన్నట్టే చెప్పింది. అనగనగా ఒకాయన. పెద్ద గాలి. ఆయన వెళ్ళాడు. ఆవిడ తలుపేసుకుంది. మధ్యలో వింతలు గుర్తున్నవి చెప్పింది, గుర్తులేనివి కల్పించింది. చయనులుగారు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు.

“ఎల్లుండి తలుపు చప్పుడైంది” అని మాలతి ఆగింది.

కోటేశ్వరమ్మ ఫోనులోకి చూస్తోంది. కనుబొమ చీలిక ఉన్న చోట అద్దం మీద వేలితో నిమిరింది.

“ఎవరొచ్చారు?” అంది.

“ఇంకెవరొస్తారమ్మా, వెళ్ళినవాడే.”

ఒకసారి కాదు, ఆ గంట గడిచేదాకా చెబుతూనే ఉంది. అది అతుక్కుంటుందో లేదో ఆమెకు తెలియదు. ఇలాంటిది ఎవరూ చేసి చూడలేదు. ఆ తరవాత కోటేశ్వరమ్మను ఇంటికి తీసుకెళ్ళింది.

చయనులుగారు మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. ఎప్పుడూ ఉండే తీర్పు ఆయన గొంతులో లేదు. తాము చూసిన సినిమా వేరు, ఉప్పులంక చూసింది వేరు గనక రెంటినీ ఒకే వరసలో పెట్టడమే తప్పని రాద్దామన్నారు. ఆఖర్న పెట్టినదాని రీళ్ళు పోతే ఉప్పులంక సినిమా కూడా వాటితో పాటే పోతుంది కదా అని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. ఏ వరసలో బాగుచెయ్యమందామమ్మా అని చివరికి ఆమెనే అడిగారు. అన్నేళ్ళు పండితుడిగా బతికిన మనిషి అలా అడగడం మాలతికి కొత్తగా ఉంది. తెలీదండీ అంది. నిజంగానే తెలీదు. ముందు తలపుతెరను కట్టేయమని ల్యాబులో చెప్పింది. తరవాత ఉప్పులంక బయల్దేరింది. నాంచారయ్య కొడుకు ముఖాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. కానీ తాను చూసింది. మీసకట్టు రాని ముఖం, పై పెదవి మీద గాటు. ఆ కాస్తయినా ఆయనకు నోటితో చెప్పాలి. ఎంతవరకు నిలుస్తుందో చెప్పి చూడాలి.

కోటేశ్వరమ్మ మామూలుగానే లేచింది, కాఫీ తాగింది, చేట ముందేసుకుని కూర్చుంది. మాలతి హడావిడిగా చెప్పులు వేసుకుంటూ నోరు జారింది.

“వెళ్తున్నానమ్మా.”

అని, అలవాటు కొద్దీ ఆగింది, వెనక్కి పిలుస్తుందని. కోటేశ్వరమ్మ తలెత్తలేదు. జాగ్రత్తగా వెళ్ళమంది, అంతే.

మాలతి ఒక కాలి చెప్పుతోనే నిలబడిపోయింది. “అట్లా అనకూడదంటావు కదమ్మా” అంది.

“అంటే ఏమైందిలేవే. మీ నాన్న మాత్రం, ఆ గాలిలో పోతున్నా తలుపేసుకో అని పోలేదూ? ఎల్లుండికల్లా వచ్చాడు కదా.” కోటేశ్వరమ్మ నవ్వింది. అంత తేలిగ్గా ఆవిడ నవ్వడం మాలతి ఎప్పుడూ చూడలేదు. “నువ్వూ చూశావుగా. నా పక్కనే కూచుని ఎవరొచ్చారని నన్నడుగుతూనే ఉన్నావు.”

అడిగింది అమ్మ. చెప్పింది తను. అది నిన్న. ఆ గాలి నాటికి మాలతి ఇంకా పుట్టనే లేదు. అవన్నీ ఇప్పుడు అమ్మ తలలో ఒకే రీలుగా అతుక్కుని గట్టిపడిపోయాయి. అందులో నాన్న బతికే ఉన్నాడు. వచ్చినవాడు మరి ఇప్పుడెక్కడ ఉన్నాడని అమ్మకు ఇంకా తోచలేదు. తోచిన రోజు ఏం చెప్పాలో మాలతికి తెలియదు. తాను అమ్మకు నాన్నను ఇచ్చిందో, అమ్మ దగ్గర్నుంచి ఆయన్ను రెండోసారి తీసుకుందో కూడా తెలియడం లేదు. ఏడవాలా, సంతోషించాలా అని ద్వారబంధం మీద చెయ్యి ఆనించి నిలబడింది.

తరవాత రెండో చెప్పు వేసుకుంది. “వెళ్ళొస్తానమ్మా” అంది.

“వెళ్ళిరా” అంది కోటేశ్వరమ్మ. “తలుపు వెయ్యమాకు.”

మాలతి తలుపు బార్లా తీసి ఉంచే మెట్లు దిగింది.